కప్పు ముందు, గోడలు తర్వాత

ఆస్టినాబాద్‌లో మేము ఉంటున్న ఇంటి గోడలు కప్పును తాకవు. చుట్టూ జానెడు ఖాళీ ఉంటుంది, దానికి చెక్క జాలీ కొట్టించాం. కప్పును మోసే గుంజలు గోడల్లో కలిసిపోకుండా గదుల మూలల్లో విడిగా నిలబడి ఉంటాయి. ఈమధ్య మరమ్మతుల అంచనా వేయడానికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మెడ ఎత్తి ఆ ఖాళీని కాసేపు చూసి, ఈ ఇంటికి ప్లాన్ అంటూ ఏదీ ఉన్నట్టు లేదనీ, ఎప్పుడు ఏది దొరికితే అది కట్టుకుంటూ పోయినట్టున్నారనీ అన్నాడు. మా పిల్లలు అవునన్నట్టు తలలూపారు.

నేను టీ ఇచ్చి పంపించాను. కానీ ఆ మాట మనసులోంచి పోలేదు. ఒకటికి నాలుగుసార్లు తిరగరాసిన ప్లాన్‌తో కట్టిన ఇల్లిది. ఆ ప్లాన్ వేసింది నేను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ పైన నేర్చుకున్నదంతా లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నదే. ఆ జానెడు ఖాళీ ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన వాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. మా పిల్లలు తెలుగు మాట్లాడినంత సులువుగా చదవలేరు. అయినా కూడబలుక్కునైనా ఎవరో ఒకరు చదివి మిగతావాళ్ళకి చెప్తారన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా నాన్న ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చాడు. ఫీనిక్స్ బేలో పడవలు బాగుచేసే షెడ్డులో కళాసీగా చేరాడు. జెట్టీకి దగ్గర్లోనే చెక్క గోడల క్వార్టరు ఇచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ అందులోనే. పెద్దయ్యాక గోల్ ఘర్‌లో ఒక టైలరు దుకాణంలో కాజాలు కుట్టే పనికి కుదిరాను. దుకాణం కట్టేశాక ఇంటికి వచ్చే దారిలో లైబ్రరీలో ఆగేదాన్ని. తెలుగు పుస్తకాలు ఒక అరకు మించి ఉండేవి కావు. అవి అయిపోయాక హిందీ పుస్తకాలు మొదలుపెట్టాను. తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు.

నాన్న రిటైరయ్యే ఏడాది దగ్గరపడింది. జులై నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చేసి తాళం ఆఫీసులో ఇవ్వాలి. ఆస్టినాబాద్‌లో మాకు చిన్న స్థలం వచ్చి ఉంది గానీ దానిమీద ముళ్ళకంప తప్ప ఏమీ లేదు. అమ్మకి ఇక్కడ ఉండడం మొదటినుంచీ ఇష్టం లేదు. క్వార్టర్ల వరసలో మన భాష మాట్లాడేవాళ్ళు లేరు. ఆదివారం తెలుగువాళ్ళ చర్చిలో ఆరాధనకి వెళ్ళినప్పుడు మాత్రమే తను నోరారా మాట్లాడేది. వారానికో పూట మాట్లాడి మిగిలిన రోజులు మూగదానిలా బతుకుతున్నానని అనేది. భీమిలి దగ్గర మా మావయ్య తన దొడ్లో కాస్త జాగా ఇస్తానన్నాడు. అమ్మ దాన్నే మనసులో పెట్టుకుంది.

ఒకరోజు అన్నం తింటూ నాన్న ఇల్లు కట్టే మాట ఎత్తాడు. అమ్మ కాదనలేదు. గడువు పెట్టింది.

"క్వార్టరు కాళీ సేసిన్నాటికి ఇల్లు లెగిసుంతే ఉంతాను," అంది. "నేదంతే ఓడెక్కీడమే. అద్దెకొంపల సుట్టూ తిరగడం నా వల్ల కాదు."

నాన్న సరేనన్నాడు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు. అందుకని ఆ పూటే నాకు భయం పట్టుకుంది. నాకు మెయిన్‌లాండ్ అంటే చిన్నప్పుడు ఒకసారి చూసొచ్చిన ఊరే. అప్పుడు అక్కడ లైబ్రరీ ఎక్కడుందని అడిగితే మావయ్య పకపకా నవ్వాడు. ఇల్లు గడువుకి లేవకపోతే మేమంతా ఆ నవ్వు దగ్గరికి వెళ్ళిపోవాలి.

నాన్నకి చదువు రాదు. ఖర్చు ఎంతవుతుందో, ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో చూసిపెట్టమని నాకే అప్పగించాడు. నేను లైబ్రరీలో ఇల్లు కట్టడం గురించిన పుస్తకాల అర వెతికి పట్టుకున్నాను. ఇంగ్లీషులో రెండు, హిందీలో ఒకటి ఉన్నాయి. పునాది ఎంత లోతు తవ్వాలి, సిమెంటులో ఇసక ఎంత కలపాలి, కిటికీ మీద దిమ్మ ఎందుకు వేస్తారు అన్నీ అందులో చదివాను. టైలరు మాస్టరు దగ్గర ఖాకీ కాగితం అడిగి తెచ్చుకుని, టేపుతో కొలిచి, ఇంటి నమూనా గీశాను. జాకెట్టు కత్తిరించేటప్పుడు కుట్టులో పోయే గుడ్డను ముందే కలుపుకున్నట్టు, గోడల మందాన్ని గది కొలతలో ముందే కలుపుకోవాలని అప్పుడే అర్థమైంది.

పద్దు రాయడం మొదలుపెట్టాక మరో సంగతి తెలిసింది. మెయిన్‌లాండ్‌లో ఇల్లు కట్టుకునేవాడు రేపటికి ఏమి కావాలో సాయంత్రం బజారుకెళ్ళి తెచ్చుకుంటాడు. మాకు సిమెంటూ రేకులూ మేకులూ అన్నీ ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే మేస్త్రి ఖాళీగా కూర్చుంటాడు, కూలి మాత్రం ఇవ్వాలి. ముందుగా తెప్పించి పెట్టుకుంటే గాలిలో తేమకి సిమెంటు బస్తాలోనే రాయైపోతుంది. అందుకని ఎంత కొనాలి అన్నది ఒక వైపు, ఎప్పుడు కొనాలి అన్నది ఒక వైపు రాసుకున్నాను. అనుకోని ఖర్చులకి కొంత విడిగా ఉంచమని పుస్తకం చెప్పింది. అదీ ఉంచాను.

పని కాలం క్రిస్మస్ వెళ్ళాక మొదలుపెట్టి మే నెల వానలకి ముందు ముగించేలా వేశాను. మా చర్చిలో మేస్త్రి పని చేసే పెద్దాయన ఒకడు ఉండేవాడు. నేను మేస్త్రి మావయ్య అనేదాన్ని. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి చాలా మెచ్చుకున్నాడు. ఎండలు కాసే రోజుల్లోనే కదా ఇల్లు కట్టేది, అంతకంటే ఆలోచించేదేముంది అన్నాడు. తీరం నుంచి వచ్చిన మావాళ్ళందరిదీ అదే లెక్క. అక్కడ అలాగే కడతారు. ఇక్కడ పుట్టిన నేను కూడా అలాగే ఆలోచించాను.

మేం మరిచిపోయింది నీళ్ళని. మరిచిపోయామంటే కొత్తగా వచ్చినవాళ్ళైనా నమ్మరు. ఫిబ్రవరి దాటితే ఇక్కడ కొళాయిల్లో నీళ్ళు రావడం పండగలా ఉంటుంది. బావులు అడుక్కి పోతాయి. ఆ రోజుల్లో మేమూ ఒకే బిందె నీళ్ళతో బియ్యం కడిగి, ఆ నీళ్ళే గిన్నెలకి వాడుకునేవాళ్ళం. రోజూ పడే బాధే అయినా పద్దులోకి ఎక్కలేదు. ఎందుకంటే నేను చదివిన పుస్తకాల్లో నీళ్ళ గురించి ఉన్నది ఒకే ఒక్క మాట: తగినన్ని మంచినీళ్ళు వాడవలెను. డబ్బు పెట్టి కొనేది కాదు గనక నేను దాన్ని ఖర్చు కింద రాయలేదు.

జనవరిలో ముళ్ళు కొట్టించి పునాది తవ్వించాం. రాళ్ళు పేర్చే దాకా ఏ ఇబ్బందీ లేదు. గోడలకి కావలసిన సిమెంటు దిమ్మలు స్థలంలోనే అచ్చుపోసి చేసుకోవాలి. వాటికి ఇసక సముద్రపొడ్డు నుంచి తెప్పించాం. ఇక్కడే నా చదువు ఇంకో మెలిక పెట్టింది. సముద్రపు ఇసకలో ఉప్పు ఉంటుంది, దాన్ని మంచినీళ్ళతో కడగకపోతే గోడ చెమ్మ లాగుతుందని పుస్తకంలో ఉంది. చుట్టుపక్కల ఎవరూ కడిగేవారు కాదు. నేను కడగాల్సిందే అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. మా గోడల మీద ఈరోజుకీ తెల్లటి ఉప్పు పొర లేదు, వచ్చి చూడవచ్చు.

ఇసక కడగడానికీ, దిమ్మలు పోయడానికీ, పోసినవి పగలకుండా తడుపుతూ ఉండడానికీ కూలీలు ఆ వీధి బావిలోంచే తోడారు. తెల్లారకముందే తోడి డ్రమ్ములు నింపేవాళ్ళు. మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజున మధ్యాహ్నం అమ్మ మేస్త్రికీ కూలీలకీ అన్నం పట్టుకుని వచ్చింది. నేను ఆరోజు దుకాణానికి సెలవు పెట్టి స్థలం దగ్గరే ఉన్నాను. అమ్మ దారిలో బావి దగ్గర ఆగింది. ఆ వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని బావి గట్టు చుట్టూ కూర్చుని ఉన్నారు. ఊట ఎప్పుడు ఊరుతుందా అని ఎదురుచూస్తున్నారు. రాంచీ నుంచి అడవి పనికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, బెంగాలీలు, తమిళులు, రకరకాల వాళ్ళు. ఒక్కరూ గొడవ పెట్టుకోలేదు. అమ్మను చూసి, ఎవరో తెలియక, కూర్చోమని జరిగి చోటిచ్చారు. అమ్మ కూర్చుంది. అమ్మకి వచ్చిన హిందీ అంతంతమాత్రం. అయినా ఎవరి నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలుసుకోవడానికి అది చాలింది.

కాసేపటికి అన్నం గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆ బావిలోంచి ఇంకో సెంబుడు తీసినా నాను ఈ ఇంట్లో అడుగెట్టను. ఆల్ల నోటికాడి నీల్లతో గోడెట్టుకుని, రేపు ఆల్ల మొకాలు ఎలా సూత్తాం?"

"మరి దిమ్మలెలా చేస్తాం అమ్మా? జులైకి అందదు," అన్నాను.

"అందకపోతే ఏటుందే, ఓడుంది."

అమ్మ ఆ నీళ్ళు వద్దన్నది పంతం కోసం కాదని నాకు తెలుసు. కానీ తను కోరుకున్న దారి ఆ మాటతో తెరుచుకున్నదీ నిజమే. పని ఆ పూటే ఆపేశాం. వానలు పడ్డాక నీళ్ళు పుష్కలంగా ఉంటాయి, అప్పుడు కడదామంటే వానలో పచ్చి దిమ్మలు కరిగి కొట్టుకుపోతాయి. ఎండాకాలంలో నీళ్ళు లేవు, నీళ్ళున్న కాలంలో ఎండ లేదు. మేస్త్రి మావయ్య చేతులు కడుక్కుని, క్రిస్మస్ తర్వాత చూద్దాం అమ్మీ అని వెళ్ళిపోయాడు. అప్పటికి మేము భీమిలి మావయ్య దొడ్లో ఉంటాం.

నేను మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాను. ఈసారి ఇళ్ళు కట్టే పుస్తకాలు వదిలేసి, ఇక్కడిలా వానలు పడే దేశాల గురించి ఏమున్నాయో చూడసాగాను. లైబ్రేరియన్ పెద్దమనిషి నేనేం వెతుకుతున్నానో అడిగి, యాత్రల పుస్తకాలు కూడా తీసి ఇచ్చాడు. అందులో ఒకదాంట్లో ఒక బొమ్మ ఉంది. నాలుగు వైపులా గుంజలు, పైన కప్పు, గోడలు లేవు. కింద మనుషులు కూర్చుని ఏదో పని చేసుకుంటున్నారు. చుట్టూ వాన. బొమ్మ కింద వివరం ఏమీ లేదు. అది ఇల్లో సంతో కూడా నాకు తెలియలేదు. కానీ అలాంటిది నేను రోజూ చూస్తున్నదే. చిన్నప్పటినుంచీ నాన్నకి అన్నం తీసుకెళ్ళే పడవల షెడ్డు అచ్చం అలాగే ఉంటుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నని అడిగాను. షెడ్డులో పని ఏ నెలల్లో ఎక్కువ అని.

"వానాకాలమేనమ్మా. సముద్రం పోటెత్తి పడవలు ఒడ్డుకి చేరేది అప్పుడే గదా."

"మరి వానలో పనెలా చేస్తారు?"

నాన్న నా మొహం చూశాడు. "పైన రేకులున్నాయి గదా," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనకే నేను చెప్పబోయేది అర్థమైపోయింది.

కొత్త ఖాకీ కాగితం తెచ్చి ప్లాన్ తలకిందులుగా రాశాను. గుంజలకి నీళ్ళక్కర్లేదు, దూలాలకీ రేకులకీ అక్కర్లేదు. కాబట్టి ఎండలున్నప్పుడే కప్పు వేసేయాలి. వానలు మొదలయ్యాక రేకుల మీద పడిన నీటిని చూరు కింద వెదురుబొంగులు చీల్చి కట్టి డ్రమ్ముల్లోకి పట్టాలి. ఆ నీళ్ళతో ఇసక కడిగి, కప్పు కిందే దిమ్మలు పోసి, కప్పు కిందే గోడ కట్టాలి. బావితో పని లేదు, ఎండతో పని లేదు. పద్దులో అన్నిటికంటే చివర ఉన్న రేకులూ కలపా అన్నిటికంటే ముందుకు వచ్చాయి. మొదటి ప్లాన్‌లో గోడలే కప్పును మోసేవి. ఇప్పుడు గుంజలు మోస్తాయి గనక కలప ఎక్కువ కావాలి. ఖరీదైన పడౌక్ కలప కొనే స్తోమత లేదు, గర్జన్ చెక్కతో సరిపెట్టుకున్నాం. అనుకోని ఖర్చులకని పక్కన పెట్టింది అక్కడే ఊడ్చుకుపోయింది. ఆ లోటు పూడ్చడానికి గోడల పూత మానుకున్నాం, వంటిల్లు వెదురు తడికలతో చేసుకోవాలనుకున్నాం.

అప్పటికే తెప్పించిన సిమెంటు ఒక్కటే తలనొప్పిగా మిగిలింది. మే దాకా ఆగితే బస్తాలు రాళ్ళైపోతాయి. ఆ సంగతి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల ముందు పెట్టాను. చర్చికి ప్రహరీ కట్టే పని నడుస్తోంది, ఆవరణలో సొంత బావి ఉంది. మా బస్తాలు ఇప్పుడు వాళ్ళు వాడుకుని, వానలు మొదలయ్యేనాటికి వచ్చే ఓడలో తమకోసం వచ్చే సిమెంటు మాకు ఇచ్చేటట్టు ఒప్పుకున్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ఇచ్చిన మాట ప్రకారం వానల వేళకి బస్తాలు మా స్థలంలో దించారు.

కప్పు లేపడానికి నాన్నతో పనిచేసే కళాసీలు ఆదివారం మధ్యాహ్నాలు వచ్చారు. పడవలను తాళ్ళతో లాగి ఒడ్డుకి చేర్చే చేతులవి. గుంజలు నిలబెట్టి దూలాలు ఎక్కించడం వాళ్ళకి పెద్ద పని కాలేదు. వడ్రంగి ఒక్కడే కూలికి వచ్చినవాడు. కొత్త రేకులు మెరుస్తూ, గోడలు లేకుండా, ఆ కప్పు గాలిలో నిలబడితే వీధంతా చూడడానికి వచ్చింది. బండ్లు నిలుపుతారా, ఆవుల్ని కట్టేస్తారా అని అడిగారు. బావికి ఎదురింట్లో ఉండే, మేమందరం దీదీ అని పిలిచే రాంచీ ఆవిడ నడుం మీద బిందె పెట్టుకుని నిలబడి అమ్మతో అంది, "ఛాతా తో ఆ గయా దీదీ, ఆద్మీ కహాఁ హై?" గొడుగొచ్చింది, మనిషేడీ అని. అమ్మ నాన్నవైపు చేయి చూపించి, "అదిగో, తడిసిపోయి వత్తన్నాడు" అంది తెలుగులోనే. చెమటతో నాన్న నిజంగానే నిలువునా తడిసి ఉన్నాడు. దీదీకి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది.

ఆ ఏడాది వానలు వెంటనే రాలేదు. మే సగం దాటింది. మబ్బు పట్టేది, గాలి వీచేది, విడిపోయేది. జులైకి ముందు నా కాగితంలో వేసిన గడులు ఒక్కొక్కటే ఖాళీగా పోతుంటే దుకాణంలో కుట్టిన కాజానే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. బావి అడుగున బురద వాసన మొదలైంది. ఆడవాళ్ళు దూరం నుంచి మోసుకొస్తున్నారు.

చివరికి ఒక సాయంత్రం నేను ఆస్టినాబాద్‌లో ఉండగానే వాన దిగింది. కొత్త రేకుల మీద పడే మొదటి నీళ్ళు తాగడానికి పనికిరావని చదివి ఉన్నాను, అందుకని మొదటి ధారను పక్కకి వదిలేశాం. తర్వాత బొంగుల్లోంచి నీళ్ళు డ్రమ్ముల్లోకి దూకడం మొదలుపెట్టాయి. బావిలో ఊట ఊరడానికి ఇంకా రోజులు పడుతుంది, మా కప్పు కింద మాత్రం అప్పటికప్పుడు నీళ్ళు. వీధిలో ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ఇసక కుప్ప పక్కనే కూలీలు పారలు పట్టుకుని నా మాట కోసం చూస్తున్నారు.

"అమ్మా, ముందు ఇసక కడగనీ. రేపు దిమ్మలు మొదలవకపోతే ఇంక అందదు," అన్నాను.

"ఇసక్కి దాహమేత్తాదేటే?" అంది అమ్మ. డ్రమ్ము ముందు నిలబడి చెంబు అందుకుంది. "ముందు బిందెలు."

నాకు కోపం వచ్చింది. రాత్రంతా వాన పడుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆగిపోతే ఆ డ్రమ్ములే మా ఇల్లు. అమ్మ ఆ సంగతి నాకంటే బాగా తెలిసే నీళ్ళు పంచుతోంది. ఇల్లు లేవకూడదనే పంచుతోందా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఇంటికి రెండు బిందెలని తనే వంతు పెట్టింది. దీదీ తన రెండూ నింపుకుని, కొంగు చాటున మూడోది ముందుకు జరిపింది.

"ఏ దీదీ, దో బోలా తో దో," అంది అమ్మ. "మూడోది నీ మొగుడి నెత్తిన పొయ్యనా?"

మొదటి సగం, రెండంటే రెండే అన్నది, అందరికీ అర్థమైంది. రెండో సగం అమ్మ మొహం చూసి అర్థం చేసుకున్నారు. అందరికంటే గట్టిగా దీదీయే నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. క్వార్టర్ల వరసలో అమ్మ అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

వాన రాత్రంతా పడింది. మర్నాడు ఇసక కడిగాం.

అక్కడినుంచి నా కాగితం నడిచింది. కప్పు కింద అచ్చులు పెట్టుకుని దిమ్మలు పోశాం. తేమ గాలికి అవి తొందరగా ఎండలేదు, పగలనూ లేదు. తడపడానికి మనిషే అక్కర్లేకపోయింది. గోడలు లేస్తూ కప్పు దగ్గరికి వచ్చాక ఆఖరి వరస పెట్టడానికి మేస్త్రి చేయి దూరే సందు లేదు. దిమ్మను పగలగొట్టి ముక్కలు కూరుస్తానన్నాడు మేస్త్రి మావయ్య. నేను వద్దన్నాను. రేకుల కింద చేరే వేడి బయటికి పోవడానికి పైన దారి ఉండాలని పుస్తకంలో ఉంది, ఎలాగూ వచ్చిన ఖాళీని అలాగే ఉంచి జాలీ వేద్దామన్నాను. గుంజలకీ గోడకీ మధ్య కూడా ఎడం ఉంచాం. భూమి కదిలినప్పుడు చెక్క ఒకలా ఊగుతుంది, దిమ్మ ఒకలా ఊగుతుంది. ప్లాన్ లేదని ఇంజనీరు అన్నది ఈ ఖాళీలు చూసే.

వానాకాలంలో బావి నిండింది గానీ నీళ్ళు ఎర్రబడ్డాయి. తాగడానికీ వంటకీ వీధివాళ్ళు మా రేకుల నీళ్ళే పట్టుకెళ్ళేవారు. వంతు చూడడానికి అమ్మ రోజూ పొద్దున్నే మొదటి బస్సుకి క్వార్టరు నుంచి ఆస్టినాబాద్ వెళ్ళేది. ఇల్లు చూడడానికి అనుకునేదాన్ని. మేస్త్రి మావయ్య మాత్రం, మీ అమ్మ గోడవంక కన్నెత్తి చూడదు, డ్రమ్ము దగ్గరే కబుర్లు, అనేవాడు.

జులై చివరి వారం వచ్చింది. ముందు గది గోడలు పూర్తయ్యాయి. వెనక గది గోడలు నా ఛాతీ దాకా వచ్చి ఆగాయి. వాన ఆలస్యమైన రోజులు అక్కడ కనపడుతున్నాయి. తలుపు బిగించలేదు, వంటింటికి తడికలు అల్లుతున్నారు. గడువు ప్రకారం చూస్తే ఇల్లు లేవలేదు. మెయిన్‌లాండ్ వెళ్ళే ఓడ వచ్చి ఉంది, టిక్కెట్లు ఇస్తున్నారు. నేను ప్లాన్ కాగితం మడిచి పెట్టెలో పెట్టేసి, అమ్మ ఏమంటే దానికి కట్టుబడాలని మనసు గట్టి చేసుకున్నాను. తను మాట ఇచ్చింది, నాన్న ఒప్పుకున్నాడు. బతిమాలడం న్యాయం కాదు.

తాళం ఇచ్చే రోజు పొద్దున్న సామాను మూటలు కట్టి గుమ్మంలో పెట్టాం. నాన్న చొక్కా తొడుక్కుని అమ్మ ముందు నిలబడ్డాడు.

"వెనక గది అవ్వలేదు. నాను కాదనను," అన్నాడు. "టిక్కెట్ల క్యూలో నిలబడమంతావా?"

అమ్మ మూటకి ఇంకో ముడి వేసింది.

"ఇయ్యాల ఓడెక్కితే రేపొద్దున్న డ్రమ్ము కాడ ఎవులుంతారు?" అంది. "ఆ దీదీ ఉన్నవన్నీ పట్టుకుపోద్ది. వెనక గదిదేటి, తడికెట్టండి."

నాన్న తాళం ఆఫీసులో ఇచ్చి రావడానికి వెళ్ళాడు. మేమిద్దరం మూటలు ఎత్తుకుని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాం. వెనక గది గోడ మళ్ళీ ఏడాదికి పూర్తి చేశాం, అదీ వానలోనే.

ఇంత పని మా ముగ్గురి వల్ల అయింది కాదు. సాయం చేసినవాళ్ళందరి పేర్లూ రాయాలని కూర్చుంటే, సగం మందిని వరసలు పెట్టి పిలవడమే గానీ పేర్లు అడిగి తెలుసుకోలేదని తెలిసింది. అందుకని ఆ వరసలతోనే చెప్తున్నాను. నవ్వకుండా నా కాగితం చదివిన మేస్త్రి మావయ్యకి, నోటిమాట మీద సిమెంటు తీసుకుని నోటిమాట మీద తిరిగి ఇచ్చిన చర్చి పెద్దలకి, ఆదివారం విశ్రాంతి మానుకుని గుంజలు నిలబెట్టిన షెడ్డు భయ్యాలకి, ఖాకీ కాగితానికి ఎప్పుడూ డబ్బు తీసుకోని టైలరు మాస్టరుకి, గడువు దాటినా పుస్తకం ఇంకో వారం ఉంచుకో అన్న లైబ్రేరియన్ గారికి, మమ్మల్ని నాలుగు మాటలు తిట్టే హక్కు ఉండీ తిట్టకుండా జరిగి అమ్మకి చోటిచ్చిన బావి గట్టు ఆడవాళ్ళకి, వాళ్ళలో మా దీదీకి, నేను రుణపడి ఉన్నాను. అమ్మకి ఈ మాట బతికుండగా చెప్పలేదు. చెబితే, ఏటే కొత్తగా, అనేది.

నాన్నకి కూడా. దాచుకున్నదంతా కాజాలు కుట్టే పిల్ల చేతిలో పెట్టి, ప్లాన్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ చదివి వినిపించమని పక్కన కూర్చునేవాడు. అర్థం కానిచోట ఆపి అడిగేవాడు. నీకేం తెలుసు అని ఒక్కసారీ అనలేదు.